మనశ్శాంతి మాత్రలు: వాని మేలును, వాని కీడును

మనుష్యునకు భయము, ఆందోళన సహజములు. పరీక్షకు పోవు విద్యార్థికిని, బిడ్డకు జ్వరము వచ్చిన తల్లికిని, బదిలీ ఉత్తరువు అందుకొన్న ఉద్యోగికిని మనస్సు కలత చెందును. ఆ కారణము తొలగిపోగానే కలతయు తొలగును. ఇది వ్యాధి కాదు. కాని తగిన కారణము లేకయే, లేక కారణమునకు మించి, వారముల తరబడి, మాసముల తరబడి ఆందోళన వేధించుచు, గుండెదడ, చెమట, చేతుల వణకు, నిద్రలేమి కలిగించుచు, నిత్యకృత్యములకు అడ్డు వచ్చుచున్నచో అది వ్యాధియే. దానికి చికిత్స కలదు.

ఆ చికిత్సలో వైద్యులు వాడు ఔషధములలో ఒక తెగ మాత్రలు అర్ధగంటలోనో, గంటలోనో మనస్సును శాంతింపజేయును. ఇంత శీఘ్రముగా పనిచేయుటయే వాని గుణము. అదియే వాని దోషమునకును మూలము. వైద్యుడు పది దినములకు వ్రాసిన మాత్రను పది సంవత్సరములు మింగుచున్న వారు మన పట్టణములలో లేకపోలేదు. అట్టివారి కొరకును, వారి కుటుంబముల కొరకును ఈ కరపత్రము ఉద్దేశింపబడినది.

చదువరులకు మొదటనే ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఇందలి విషయములు చదివి భయపడి, చాలకాలముగా వాడుచున్న మాత్రను ఎవరును ఒక్కసారిగా మానివేయరాదు. అట్లు మానుట, మాత్రను వాడుటకంటె ఎక్కువ ప్రమాదకరము కావచ్చును. కారణము ముందు వివరింపబడును.

1. ఈ మాత్రలు ఏవి?

ఈ తెగ ఔషధములకు శాస్త్రజ్ఞులు బెంజోడయజెపీనులు అని పేరిడిరి. ఆల్ప్రజోలాం, డయజిపాం, లోరజిపాం, క్లోనజిపాం, నైట్రజిపాం, క్లోర్‌డయజిపాక్సైడు అనునవి ఇందు ముఖ్యములు. ఎటిజోలాం అనునది వీనికి దగ్గరి చుట్టము. జోల్పిడెం అను నిద్రమాత్ర వేరు తెగదైనను పనిచేయు తీరు ఇంచుమించు ఇట్టిదే. కంపెనీలు పెట్టు వ్యాపారనామములు వందలాదిగా ఉన్నవి. కావున మాత్రల అట్టమీద పెద్ద అక్షరములలోని పేరును గాక, దాని దగ్గర ముద్రింపబడిన అసలు ఔషధము పేరును చదువవలెను. ఆ పేరు చివర "పాం" అనిగాని, "జోలాం" అనిగాని ఉన్నచో అది ఈ తెగకు చెందినదని సాధారణముగా గ్రహింపవచ్చును.

ఇంకొక సంగతి కలదు. కొన్ని మాత్రలలో రెండు ఔషధములు కలిసియుండును. కుంగుబాటుకు ఇచ్చు ఎస్సిటలోప్రాంతో క్లోనజిపాం, గుండెదడను తగ్గించు ప్రొప్రనొలాల్‌తో ఆల్ప్రజోలాం, కడుపులో మెలిపెట్టు నొప్పికి ఇచ్చు క్లిడినియంతో క్లోర్‌డయజిపాక్సైడు కలిపిన మాత్రలు మన దేశమున విరివిగా అమ్ముడగుచున్నవి. "నేను కడుపునొప్పి మందు మాత్రమే వాడుచున్నాను" అని తలచువాడు తనకు తెలియకయే మనశ్శాంతి మాత్రను మింగుచుండవచ్చును.

2. వీని పుట్టుక

20వ శతాబ్ది ప్రథమార్ధమున ఆందోళనకును, నిద్రలేమికిని బార్బిటురేటులు అను ఔషధములు వాడుకలో నుండెను. వీనిలో మొదటిది 1903లో అమ్మకమునకు వచ్చినది. ఇవి వ్యసనమును కలిగించుటయేగాక, మోతాదు కొంచెము మించినను ప్రాణము తీయుచుండెను. అంతకంటె క్షేమకరమైన ఔషధము కొరకు రసాయనజ్ఞులు వెదకుచుండిరి.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున హాఫ్‌మన్ లా రోష్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేయు లియో స్టెర్న్‌బాక్ తయారుచేసిన ఒక పదార్థము కొంతకాలము బల్లపై పడియుండి, 1957లో పరీక్షకు పంపబడెను. దానికి శాంతపరచు గుణమున్నట్లు తేలెను. అదియే క్లోర్‌డయజిపాక్సైడు, 1960లో లిబ్రియం అను పేర విడుదలయ్యెను. 1963లో డయజిపాం వేలియం అను పేర వచ్చెను. పాత ఔషధములకంటె ఇవి నిజముగనే క్షేమకరములు. అందువలన వైద్యులును, ప్రజలును వీనిని పూర్తిగా నిరపాయకరములని తలచిరి.

కాని 1961లోనే హాలిస్టరు మొదలగు వైద్యులు ఒక హెచ్చరిక ప్రకటించిరి. పెద్ద మోతాదులో క్లోర్‌డయజిపాక్సైడు వాడుచున్న 11 మంది రోగులకు తెలియకుండ దానిని ఆపి, మందులేని మాత్రలిచ్చి చూడగా, 10 మందికి క్రొత్త బాధలు కలిగెను. ఇద్దరికి మూర్ఛలు వచ్చెను. ఈ హెచ్చరిక చాలకాలము లోకమున కెక్కలేదు. 1988లో బ్రిటనులోని ఔషధ భద్రతా సంఘము, ఈ మాత్రలను తీవ్రమైన ఆందోళనకు మాత్రమే, అదియు 2 నుండి 4 వారములకు మించకుండ వాడవలెనని వైద్యులకు సలహా ఇచ్చెను. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ, దురుపయోగము, వ్యసనము, శరీరాధీనత, విరమణబాధలు అను నాలుగింటిని గూర్చిన హెచ్చరికను ఈ తెగ మాత్రలన్నిటి వివరణపత్రములందు పెట్టెలో గీచి ప్రముఖముగా ముద్రింపవలెనని శాసించెను.

3. మెదడులో జరుగునది

మన మెదడులో కోట్లకొలది నాడీకణములు ఒకదానితో నొకటి సందేశములు పంపుకొనుచుండును. వీనిలో కొన్ని ఉత్తేజపరచునవి, కొన్ని శాంతపరచునవి. శాంతపరచు సందేశములలో ప్రధానమైనది గాబా అను రసాయనము. దీనిని బండికి బ్రేకువంటిదని చెప్పవచ్చును. మనశ్శాంతి మాత్ర తాను స్వయముగా బ్రేకు వేయదు. గాబా వేయుచున్న బ్రేకును మరింత బలముగా పట్టునట్లు చేయును. అందువలన భయము తగ్గును, కండరములు సడలును, నిద్ర వచ్చును, మూర్ఛలు అణగును.

ఈ గుణమువలననే ఆగకుండ వచ్చు మూర్ఛలను ఆపుటకును, మద్యము మానినవారి వణకును, సంధిని నివారించుటకును, శస్త్రచికిత్సకు ముందు రోగికి ధైర్యము కలుగుటకును వైద్యులు వీనిని వాడుదురు. అట్టి సందర్భములలో ఇవి ప్రాణదాతలు. ఔషధము చెడ్డది కాదు; అవధి మీరిన వాడుకయే చెడ్డది.

4. దుష్ఫలితములు

బ్రేకు మెదడంతటను పడును గదా. కావున భయముతోబాటు చురుకుతనమును తగ్గును. సాధారణముగా కనబడు దుష్ఫలితములు ఇవి: పగటి మత్తు, తల తిరుగుట, మాట తడబడుట, నడక తూలుట, ఆలోచన మందగించుట.

జ్ఞాపకశక్తికి కలుగు లోపము ప్రత్యేకముగా చెప్పదగినది. మాత్ర వేసికొన్న పిమ్మట జరిగిన సంగతులు మనస్సున నిలువకపోవచ్చును. మింగిన మాత్రనే మరచి మరల మింగిన వారును కలరు.

వృద్ధులకు అపాయము ఎక్కువ. వయస్సు మీరినకొలది కాలేయము ఈ ఔషధములలో పెక్కింటిని నెమ్మదిగా విరుచును. ముందురాత్రి మత్తు మరునాటి మధ్యాహ్నము వరకు నిలుచును. రాత్రి మూత్రవిసర్జనకు లేచి, తూలి పడి, తుంటి ఎముక విరిగి, మంచము పట్టిన ముసలివారి కథలలో ఈ మాత్ర పాత్ర తరచుగా ఉండును. కొందరు వృద్ధులకును, పిల్లలకును శాంతికి బదులు చిరాకు, కోపము, అలజడి కలుగుటయు కలదు.

రాయపూరు చుట్టుపట్ల ఉర్ల, సిల్తరా పారిశ్రామిక ప్రాంతములలో కొలుముల వద్దను, రోలింగు మిల్లులలోను పనిచేయువారు, లారీలు నడుపువారు, రైల్వే ఉద్యోగులు ఒక విషయము గమనింపవలెను. రాత్రి షిఫ్టు ముగించి పగటి నిద్రకై మాత్ర వేసికొన్నవాడు, మరల షిఫ్టుకు పోవునప్పటికి మత్తు పూర్తిగా వదలియుండదు. "నాకు మత్తుగా లేదు" అని అతనికి తోచినను, చేయి కదలుటకు పట్టు క్షణకాలము పెరిగియుండును. కొలిమి ముందర ఆ క్షణమే ప్రాణమునకు విలువ.

అన్నిటికంటె పెద్ద అపాయము మద్యముతో కలిపినప్పుడు కలుగును. మాత్రయు, మద్యమును రెండును ఒకే బ్రేకును త్రొక్కును. శ్వాస మందగించి, నిద్రలోనే ఆగిపోవచ్చును. ట్రమడాల్, కొడీన్ మొదలగు నల్లమందు జాతి నొప్పిమందులతోను, దగ్గుమందులతోను కలిపినను ఇట్లే జరుగును. నిద్రలో గురకపెట్టుచు ఊపిరి ఆగిపోవు వ్యాధిగలవారును, తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధిగలవారును ఈ మాత్రలను గూర్చి వైద్యునితో మరింత జాగ్రత్తగా మాటలాడవలెను. శిలీంధ్రవ్యాధులకు ఇచ్చు ఇట్రకొనజోల్, కీటొకొనజోల్ వంటి మందులు ఆల్ప్రజోలాంను రక్తములో ఎక్కువసేపు నిలిపి, కొద్ది మోతాదునే పెద్ద మోతాదుగా చేయును. గర్భిణులు కడపటి మాసములలో వాడినచో పుట్టిన శిశువు వాడిపోయినట్లుండుట, పాలు సరిగా త్రాగలేకపోవుట, వణకుట సంభవింపవచ్చును. గర్భము తెలియగానే వైద్యునకు చెప్పవలెను. తమంత తాము మాత్ర ఆపరాదు.

5. శరీరము మాత్రకు అధీనమగు విధము

ఇంటి గోడను ఒక ప్రక్కనుండి ఎల్లప్పుడు ఒకడు నెట్టుచుండెననుకొందము. పడిపోకుండుటకై రెండవ ప్రక్క మరొకడు నెట్టవలసివచ్చును. మొదటివాడు హఠాత్తుగా తప్పుకొన్నచో గోడ ఇటువైపు కూలును. మెదడులోను ఇట్లే జరుగును. మాత్ర ప్రతిదినము బ్రేకు వేయుచుండగా, మెదడు తన సమతను నిలుపుకొనుటకై ఉత్తేజమును పెంచుకొనును. అప్పుడు పాత మోతాదు చాలదు. అర మాత్ర పనిచేసినచోట ఒక మాత్ర కావలసివచ్చును. మాత్ర ఆపినచో, పెరిగిన ఉత్తేజము అడ్డులేక విజృంభించును. దీనినే విరమణబాధ యందురు.

ఆ బాధలు ఎట్టివి? నిద్ర పట్టకపోవుట, మొదటికంటె ఎక్కువ ఆందోళన, చెమట, వణకు, గుండెదడ, చప్పుడును, వెలుతురును సహింపలేకపోవుట, చర్మముపై చీమలు ప్రాకినట్లుండుట. తీవ్రమైనచో మూర్ఛలు, లేనివి కనబడుట, సంధి. ఆల్ప్రజోలాం, లోరజిపాం వంటివి శరీరమునుండి త్వరగా తొలగును. వాని బాధ ఒకటి రెండు దినములలో ఆరంభమగును. డయజిపాం నెమ్మదిగా తొలగును; దాని బాధ వారము దినముల వరకు బయటపడకపోవచ్చును. "ఐదు దినములైనది, నాకేమియు కాలేదు" అని ధైర్యపడుట అందుచే తగదు.

ఇక్కడనే చాలమంది మోసపోవుదురు. మాత్ర మానగా వచ్చిన ఆందోళనను చూచి, "నా జబ్బు ఇంకను తగ్గలేదు, మాత్ర లేనిదే నేను బ్రతుకలేను" అని మరల మింగుదురు. వెంటనే శాంతి కలుగును, నమ్మకము బలపడును. నిజమునకు ఆ ఆందోళనలో కొంత పాత జబ్బుదైనను, కొంత మాత్ర సృష్టించినదే.

మోతాదు అంకెను చూచియు మోసపోరాదు. ఆల్ప్రజోలాం అరమిల్లీగ్రాము నుండి ఒక మిల్లీగ్రాము వరకు, డయజిపాం పది మిల్లీగ్రాములకు ఇంచుమించు సమానము. అంకె చిన్నదైనంత మాత్రమున మందు చిన్నది కాదు.

శరీరాధీనతకును, వ్యసనమునకును భేదము కలదు. వైద్యుడు చెప్పినట్లే వాడినవారికిని కొన్ని వారములలో శరీరము అధీనము కావచ్చును. ఇది వారి నీతికి కళంకము కాదు. మత్తుకొరకై మోతాదు పెంచుట, దొంగచాటుగా కొనుట, హాని తెలిసియు విడువలేకపోవుట వ్యసనము. రెండును చికిత్సకు లొంగునవే. సిగ్గుపడి దాచుటయే రెండింటికిని శత్రువు.

6. కల్లు నేర్పిన పాఠము

ఈ మాత్రల శక్తి యెట్టిదో తెలుగునాట ఒక కఠినమైన అనుభవము తెలిపినది. తాటిచెట్టునుండియు, ఈతచెట్టునుండియు తీసిన సహజమైన కల్లు కొద్ది మత్తు గలది. తెలంగాణములో గిరాకికి చాలినంత చెట్టుకల్లు లేక, నీటిలో క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, తరువాత ఆల్ప్రజోలాం కలిపి అమ్ముట చాలకాలముగా సాగినది. త్రాగువారు తాము కల్లు త్రాగుచున్నామనియే నమ్మిరి. వారి మెదడు మాత్రము మనశ్శాంతి మందుకు అధీనమైనది.

2015 సెప్టెంబరులో అధికారులు కల్తీపై దాడులు చేసి, ఆ మందు అందకుండ చేసినప్పుడు నిజామాబాదు మొదలగు జిల్లాలలో పెక్కుమంది వణకుతోను, మూర్ఛలతోను, పిచ్చిచేష్టలతోను ఆసుపత్రుల పాలైరి. కొందరు మరణించిరి. 2020 మార్చిలో కరోనా నిర్బంధము వలన దుకాణములు మూతపడగా, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యాలయమునకు మద్యమును, కల్లును ఒక్కసారిగా మానవలసివచ్చినవారు గుంపులుగా వచ్చిరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు చనిపోయిరి. ఆ కల్లులో ఆల్ప్రజోలాం ఉన్నట్లు పరీక్షలలో తేలినదని అధికారులు తెలిపిరి.

ఈ సంఘటనలనుండి నేర్చుకొనవలసినది రెండు సంగతులు. మొదటిది: ఈ మందు ఏ రూపమున లోపలికి పోయినను మెదడు దానికి అధీనమగును, సీసాలో త్రాగినను, మాత్రగా మింగినను భేదము లేదు. రెండవది: ఒక్కసారిగా ఆపుట ప్రాణాంతకము కావచ్చును. సెలవులకు తెలంగాణములోని స్వగ్రామమునకు పోయి కల్లు త్రాగి, రాయపూరు తిరిగివచ్చిన పిమ్మట వణకు, నిద్రలేమి, మూర్ఛ కలిగినవాని విషయమును ఇంటివారు వైద్యునకు దాచక చెప్పవలెను. కారణము తెలిసినగాని చికిత్స సరిగా సాగదు.

7. మానివేయు మార్గము

మాత్రను మానుట మేడమెట్లు దిగుటవంటిది, దూకుట కాదు. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును కొద్దికొద్దిగా తగ్గింపవలెను. 2025లో అమెరికా వైద్యసంఘములు వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము, రెండు నుండి నాలుగు వారముల కొకసారి, ఉన్న మోతాదులో 5 నుండి 10 శాతము తగ్గించుటతో ఆరంభింపవచ్చును. రెండు వారములలో 25 శాతమునకు మించి తగ్గింపరాదు. బాధ ఎక్కువైనచో అదే మెట్టుపై కొంతకాలము నిలువవలెను. ఏండ్ల తరబడి వాడినవారికి ఈ దిగుడు మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము పైగా పట్టవచ్చును. శీఘ్రముగా తొలగు మాత్రకు బదులు, నెమ్మదిగా తొలగు డయజిపాంకు మార్చి తగ్గించు పద్ధతియు కలదు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో 1982 నుండి 1994 వరకు ఇట్టి రోగులకై వైద్యశాల నడిపిన హెథర్ ఆష్టన్ ఈ పద్ధతికి ప్రచారము కల్పించిరి.

పూర్వము మూర్ఛలు వచ్చినవారు, మద్యము కూడ త్రాగువారు, చాల పెద్ద మోతాదు వాడువారు ఇంటివద్ద ఈ ప్రయత్నము చేయరాదు, ఆసుపత్రిలో చేరవలెను.

8. మాత్రకు బదులేమి?

ఆందోళన వ్యాధికి దీర్ఘకాల చికిత్స వేరే కలదు. ఆలోచనలను, అలవాట్లను క్రమముగా సరిదిద్దు మానసిక చికిత్స అందు మొదటిది. దాని మేలు చికిత్స ముగిసిన తరువాతను నిలుచును. సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రాం వంటి మందులు రెండవవి. ఇవి పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. కాని మోతాదు పెంచవలెనను తహతహను కలిగింపవు. వీనినిసైతము హఠాత్తుగా ఆపరాదు. ఈ మందులు ఫలించులోపల కొద్దిదినములు మాత్రమే మనశ్శాంతి మాత్రను ఊతకర్రగా వైద్యుడు ఇయ్యవచ్చును. కాలు కుదిరిన పిమ్మట కర్రను విడువవలెను గదా.

నిద్ర విషయములో సామాన్యమైన నియమములే చాల మేలు చేయును: ప్రతిదినము ఒకే వేళకు లేచుట, మధ్యాహ్నము తరువాత టీ, కాఫీ మానుట, పడకపై ఫోను చూడకుండుట, పగటి నిద్ర తగ్గించుట. షిఫ్టు పనివారు పగలు నిద్రించు గదిని చీకటిగా చేసికొనుట మంచిది.

9. చట్టమును, మందుల షాపును

ఆల్ప్రజోలాం, డయజిపాం, క్లోర్‌డయజిపాక్సైడు, నైట్రజిపాం, జోల్పిడెం అనునవి 2014 మార్చి 1 నుండి అమలులోనున్న ఎచ్1 పట్టికలోనివి. వీని అట్టపై ఎఱ్ఱని ఆర్ఎక్స్ గుర్తును, ఎఱ్ఱని గీతల పెట్టెలో హెచ్చరికయు ఉండును. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. అమ్మినవాడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని మాత్రలిచ్చినదియు పుస్తకములో వ్రాసి, మూడేండ్లు భద్రపరుపవలెను. ఈ తెగ మందులలో పెక్కు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రిందను కలవు. కావున చీటీ లేకుండ ఇచ్చు షాపువాడు ఉపకారి కాడు. పొరుగింటామెకు నిద్ర పట్టుటలేదని తన మాత్రలు పంచియిచ్చుటయు ఉపకారము కాదు.

రాయపూరులోని తెలుగువారికి ఇంకొక చిక్కు కలదు. వైద్యుడు హిందీలో చెప్పును; చీటీ ఇంగ్లీషులో ఉండును; ఇంటిలోని పెద్దవారికి తెలుగు తప్ప రాదు. "నీంద్ కీ గోలీ" అను మాట ఒక్కటే చెవిన పడును. ఎన్ని దినములు అను మాట పడదు. కావున పెద్దవారితో చదువుకొన్నవారొకరు వెంట పోయి, మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను: ఈ మాత్ర ఎన్ని దినములు? ఎట్లు ఆపవలెను? ఇప్పుడు వాడుచున్న మందులతో సరిపడునా? జవాబులను తెలుగులో వ్రాసి మందుపెట్టెకు అంటింపవలెను.

10. సహాయము లభించు చోట్లు

రాయపూరులో తాటీబంధ్ వద్దనున్న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోను, మేకాహారా అని జనులు పిలుచు డాక్టరు అంబేడ్కరు స్మారక ఆసుపత్రిలోను మానసిక వైద్యులు కలరు. బిలాసపూరు దగ్గర సేంద్రీలో రాష్ట్ర మానసిక వైద్యాలయము కలదు. 2022 అక్టోబరు 10 నాడు ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడుటకును వీలున్నది. వ్యసన విముక్తికి 14446 నంబరు కలదు. మూర్ఛ వచ్చినను, మాత్రలు ఎక్కువగా మింగి లేపినను లేవకున్నను, శ్వాస మందగించినను ఆలసింపక 108కి ఫోను చేసి, ఖాళీ అట్టలను వెంట తీసికొనిపోవలెను.

11. జ్ఞాపకముంచుకొనవలసినవి

ఒకటి: మాత్రను వైద్యుడు చెప్పినన్ని దినములే వాడవలెను, పాత చీటీతో మరల కొనరాదు.

రెండు: మద్యముతోను, కల్లుతోను, నొప్పిమందులతోను కలుపరాదు.

మూడు: మాత్ర వేసికొని బండి నడుపరాదు, యంత్రము ముట్టరాదు.

నాలుగు: ఒకరి మాత్ర మరొకరికి ఇయ్యరాదు; పిల్లలకు అందకుండ ఉంచవలెను.

ఐదు: నెల మించి వాడియున్నచో ఒక్కసారిగా ఆపరాదు, వైద్యునితో ఆలోచించి మెల్లగా తగ్గింపవలెను.

ఆరు: వాడుచున్న సంగతిని ఏ వైద్యునికిని దాచరాదు.

మాత్రకు అధీనుడైనవానిని ఇంటివారు నిందించినచో అతడు దాచుకొని మింగును. ప్రక్కన నిలిచి లెక్క చూచుకొని ధైర్యము చెప్పినచో ఒక్కొక్క మెట్టే దిగును. ఇది ఏ ఔషధమునకును తక్కువైన సహాయము కాదు.